పోస్ట్‌గ్రెస్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసి ప్యాకేజీగా కట్టడం: సమగ్ర మార్గదర్శి

సోర్స్ కోడ్ దింపుకొని ‘కాన్ఫిగర్’, ‘మేక్’, ‘మేక్ ఇన్‌స్టాల్’ అని వరుసగా మూడు ఆదేశాలు ఇస్తే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్ సిద్ధమైపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే. మూడు నెలలు తిరిగేసరికి భద్రతా సవరణలతో కొత్త మైనర్ వెర్షన్ వస్తుంది. పాతదాన్ని ఏ ఆప్షన్లతో కట్టారో ఎవరికీ గుర్తుండదు. ఏ ఫైలు ఏ డైరెక్టరీలో పడిందో తెలియదు. తీసేద్దామంటే చెయ్యి ఆడదు. అందుకే ఈ మార్గదర్శిలో కంపైల్ చేయడం సగం, ప్యాకేజీ కట్టడం మిగతా సగం.

మొత్తం పనికి ఒకే ఒక్క నియమం: ప్యాకేజీ ప్రోగ్రామును మోస్తుంది, డేటా జోలికి పోదు. కింద చెప్పిన జాగ్రత్తల్లో చాలావరకు దీని నుంచి వచ్చినవే.

ఆదేశాల పేర్లు, ఆప్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్‌లో టైపు చేయాలి. స్పెల్లింగులో సందేహం వస్తే ‘కాన్ఫిగర్’ స్క్రిప్టుకు ‘హెల్ప్’ ఆప్షన్ ఇవ్వండి, పూర్తి జాబితా కనిపిస్తుంది.

## 1. ముందే తేల్చుకోవాల్సినవి

మొదటి ప్రశ్న: సోర్స్ నుంచి కట్టాల్సిన అవసరం నిజంగా ఉందా? మీ డిస్ట్రోలో (లైనక్స్ పంపిణీలో) గానీ, పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు నడిపే ఆప్ట్ (apt), యమ్ (yum) రిపాజిటరీలలో గానీ కావాల్సిన వెర్షన్ దొరికితే అదే వాడండి. సొంత ప్యాచ్ కలపాలి, బ్లాక్ పరిమాణం మార్చాలి, డీబగ్ బిల్డ్ కావాలి, బయటి బైనరీలను అనుమతించని చోట నడపాలి... ఇలాంటి కారణం ఉంటేనే ముందుకు కదలండి. సొంత ప్యాకేజీ కట్టిన రోజు నుంచి భద్రతా సవరణల బాధ్యత మీ నెత్తిన పడుతుంది. మైనర్ విడుదలలు మామూలుగా ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబరు నెలల్లో రెండో గురువారం వస్తాయి. అవసరమైతే మధ్యలోనూ వస్తాయి. ఒక్కో మేజర్ వెర్షన్‌కు మద్దతు ఉండేది 5 ఏళ్లు.

రెండో ప్రశ్న: ఎక్కడ పెట్టాలి? డిస్ట్రో వాడే ‘యూఎస్ఆర్’ డైరెక్టరీలో వద్దు. ‘ఆప్ట్’ (opt) డైరెక్టరీ కింద ‘పీజీఎస్‌క్యూఎల్-17’ లాంటి పేరుతో విడి చోటు కేటాయించండి. ఈ పేరులో రెండు సౌకర్యాలు ఉన్నాయి.

మేజర్ వెర్షన్ అంకె పేరులోనే ఉంటే 17, 18 పక్కపక్కనే ఉండగలవు. మేజర్ వెర్షన్ మార్చే ‘పీజీ_అప్‌గ్రేడ్’ ప్రోగ్రాముకు పాత బైనరీలు, కొత్త బైనరీలు రెండూ ఒకేసారి కావాలి. పాత ప్యాకేజీని చెరిపేసి కొత్తది వచ్చేలా కడితే ఆ దారి మూసుకుపోతుంది.

రెండో సౌకర్యం అంత తేలిగ్గా కంటికి కనబడదు. ప్రోగ్రాముకు తోడుండే ఫైళ్లు, డాక్యుమెంట్ల వంటి కొన్ని ఇన్‌స్టాల్ దారుల్లో ‘పోస్ట్‌గ్రెస్’ అనిగానీ ‘పీజీఎస్‌క్యూఎల్’ అనిగానీ లేకపోతే, బిల్డ్ వ్యవస్థ తనంతట తాను చివర ‘పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్’ అనే ఉపడైరెక్టరీ తగిలిస్తుంది. ప్యాకేజీ ఫైళ్ల జాబితా రాసేటప్పుడు ‘ఈ డైరెక్టరీ ఎక్కడి నుంచి వచ్చింది?’ అని తల పట్టుకునేది అక్కడే.

మొదలుపెట్టే ముందు కాగితం మీద రాసుకోవాల్సినవి:

- మేజర్ వెర్షన్, మైనర్ వెర్షన్ (ఇక్కడ ఉదాహరణకు 17.5)
- ప్యాకేజీ నడవాల్సిన డిస్ట్రో, దాని విడుదల, ప్రాసెసర్ రకం
- ఇన్‌స్టాల్ దారి, డేటా డైరెక్టరీ దారి (రెండూ వేర్వేరుగా ఉండాలి)
- ప్యాకేజీ పేరు: డిస్ట్రో ప్యాకేజీ పేరుతో కలవకుండా మీ సంస్థ గుర్తు ఏదైనా ముందు చేర్చండి
- సర్వర్‌ను నడిపే యూజర్ పేరు

## 2. బిల్డ్ యంత్రాన్ని సిద్ధం చేయడం

డేటాబేస్ నడుస్తున్న సర్వర్ మీదే కంపైల్ చేయకండి. ప్యాకేజీ ఏ డిస్ట్రోలో నడవాలో సరిగ్గా అదే విడుదలతో ఒక ఖాళీ కంటెయినర్‌నో, వర్చువల్ మెషీన్‌నో తీసుకోండి.

విడుదల విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, కొత్త గ్లిబ్‌సీ (లైనక్స్‌లోని మూల సీ లైబ్రరీ) మీద కట్టిన బైనరీ పాత గ్లిబ్‌సీ మీద నడవదు. ‘గ్లిబ్‌సీ 2.34 దొరకలేదు’ అనే తరహా సందేశంతో మొదట్లోనే ఆగిపోతుంది. పాతదాని మీద కట్టినది కొత్తదాని మీద మామూలుగా నడుస్తుంది. కానీ అందులో ఇంకో గుంట ఉంది. 2018లో వచ్చిన గ్లిబ్‌సీ 2.28లో అక్షరక్రమ నియమాలు మారాయి. అంతకు ముందరి విడుదల మీద కట్టిన ఇండెక్సులున్న డేటాను తెచ్చి దానిమీద నడిపితే సర్వర్ మహా అయితే ఒక హెచ్చరిక ఇస్తుంది, ఆగిపోదు. ఉన్న వరుసలనే ‘లేవు’ అని జవాబిస్తుంది. డేటా డైరెక్టరీని డిస్ట్రోలు దాటించేటప్పుడు టెక్స్ట్ ఇండెక్సులను మళ్లీ కట్టుకోవాల్సిందే.

బిల్డ్‌కు మామూలు యూజర్‌ను సృష్టించండి. కంటెయినర్లలో అలవాటుగా రూట్‌తోనే (సర్వాధికారాలున్న యూజర్‌తోనే) పనంతా చేసేస్తాం. పోస్ట్‌గ్రెస్ సర్వర్ రూట్‌తో నడవనంటుంది, కాబట్టి పరీక్షల దశకు వచ్చాక బిల్డ్ నిలిచిపోతుంది.

కావాల్సిన సరంజామా:

- సీ కంపైలర్, గ్నూ మేక్ 3.81 లేదా ఆ పైది
- ఫ్లెక్స్, బైసన్, పెర్ల్: 17 నుంచి ఇవి తప్పనిసరి, ముందే తయారుచేసిన ఫైళ్లు టార్ ఫైలులో రావడం లేదు
- ప్యాకేజ్-కాన్ఫిగ్
- రీడ్‌లైన్, జెడ్‌లిబ్, ఐసీయూ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, సిస్టమ్‌డీ, ఎల్‌జెడ్4, జెడ్‌ఎస్‌టీడీ లైబ్రరీల డెవలప్‌మెంట్ ప్యాకేజీలు
- డెబియన్ కుటుంబానికి డెబ్‌హెల్పర్, ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్. రెడ్‌హ్యాట్ కుటుంబానికి ఆర్‌పీఎం-బిల్డ్, ఆర్‌పీఎం-లింట్

లైబ్రరీ ఉన్నంత మాత్రాన చాలదు, దాని హెడర్ ఫైళ్లూ కావాలి. డెబియన్ కుటుంబంలో వాటి ప్యాకేజీ పేరు చివర ‘డెవ్’ అని, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ‘డెవెల్’ అని ఉంటుంది. ‘రీడ్‌లైన్ ఉంది కదా, లేదంటుందేమిటి?’ అనే ప్రశ్నకు పదిలో తొమ్మిదిసార్లు ఇదే సమాధానం.

## 3. సోర్స్ తెచ్చుకుని సరిచూసుకోవడం

గిట్ నుంచి నేరుగా కాకుండా, విడుదల చేసిన టార్ ఫైలునే వాడండి. పక్కనే ఉన్న ఎస్‌హెచ్‌ఏ-256 ఫైలును కూడా దింపుకుని ‘ఎస్‌హెచ్‌ఏ256సమ్’ ఆదేశంతో సరిచూడండి. ఆ అంకెను మీ ప్యాకేజింగ్ రిపాజిటరీలో భద్రపరచండి. ఏడాది తర్వాత అదే వెర్షన్‌ను మళ్లీ కట్టాల్సి వస్తే అదే సోర్స్ అని నిరూపించుకోవడానికి అదొక్కటే ఆధారం.

సొంత ప్యాచ్‌లు ఉంటే సోర్స్‌లో నేరుగా దిద్దకండి. ఒక్కో మార్పును ఒక్కో ప్యాచ్ ఫైలుగా ఉంచండి. మైనర్ వెర్షన్ మారినప్పుడు ఏది అతకడం లేదో వెంటనే తెలుస్తుంది.

## 4. కాన్ఫిగర్: ఎక్కువ సమయం పెట్టాల్సిన దశ

సోర్స్ డైరెక్టరీ పక్కనే ‘బిల్డ్’ అనే ఖాళీ డైరెక్టరీ చేసుకుని, అందులో నిలబడి సోర్స్‌లోని ‘కాన్ఫిగర్’ స్క్రిప్టును నడపండి. సోర్స్ మైలపడకుండా ఉంటుంది, మళ్లీ మొదలుపెట్టాలంటే ఆ డైరెక్టరీని తీసేస్తే సరిపోతుంది. 16వ వెర్షన్ నుంచి మెసన్ అనే మరో బిల్డ్ పద్ధతి కూడా ఉంది. రెండింటిలో ఏదైనా వాడవచ్చు గానీ రెండింటినీ కలపవద్దు. ఇక్కడ చెప్పేది ‘కాన్ఫిగర్’ పద్ధతి.

ఆప్షన్లలో మూడు రకాలున్నాయి. ఈ తేడా తెలియక చేసే పొరపాట్లే ఖరీదైనవి.

డేటా ఫైళ్ల రూపాన్ని మార్చేవి. ‘విత్-బ్లాక్‌సైజ్’ (సహజ విలువ 8 కేబీ), ‘విత్-వాల్-బ్లాక్‌సైజ్’ (లావాదేవీల లాగ్‌కు, 8 కేబీ), ‘విత్-సెగ్‌సైజ్’ (1 జీబీ). వీటిని మార్చి కట్టిన సర్వర్ పాత డేటా డైరెక్టరీని తెరవదు. డేటాను ఒక బ్లాక్ పరిమాణంతో సృష్టించారని, సర్వర్‌ను మరో పరిమాణంతో కంపైల్ చేశారని చెప్పి ఆగిపోతుంది. గట్టి కారణం లేనిదే వీటిని ముట్టుకోకండి. ముట్టుకుంటే ఆ సంగతి ప్యాకేజీ పేరులోనే కనిపించాలి.

సౌకర్యాలను చేర్చేవి. నేను సర్వర్ ప్యాకేజీలో తప్పనిసరిగా పెట్టేవి:

- ‘విత్-ఎస్‌ఎస్‌ఎల్’కు విలువగా ‘ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్’. ఇది లేకపోతే గుప్తీకరించిన కనెక్షన్లు ఉండవు, పీజీక్రిప్టో ఎక్స్‌టెన్షన్ కూడా తయారు కాదు.
- ‘విత్-సిస్టమ్‌డీ’. సర్వర్ సిద్ధమైందని, సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి కబురు పంపేది ఇదే.
- ‘విత్-ఎల్‌జెడ్4’, ‘విత్-జెడ్‌ఎస్‌టీడీ’. కుదింపు కోసం.
- ‘విత్-సిస్టమ్-టీజెడ్‌డేటా’కు డిస్ట్రో టైమ్‌జోన్ డైరెక్టరీ దారి. ఏదైనా దేశం గడియారపు నియమం మార్చినప్పుడు డిస్ట్రో అప్‌డేట్ సరిపోతుంది, పోస్ట్‌గ్రెస్‌ను మళ్లీ కట్టనక్కర్లేదు.
- ‘విత్-ఎక్స్‌ట్రా-వెర్షన్’కు మీ గుర్తు. సర్వర్‌ను వెర్షన్ అడిగినప్పుడు అంకె పక్కనే ఈ గుర్తు కూడా చూపుతుంది. రాత్రి పూట సమస్య వచ్చినప్పుడు ‘ఇది మన బిల్డా, డిస్ట్రోదా?’ అనే వాదన ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది.

భాషల అక్షరక్రమాలు చూసే లైబ్రరీ ఐసీయూ 16వ వెర్షన్ నుంచి సహజంగానే చేరుతుంది. అది కనబడకపోతే ‘కాన్ఫిగర్’ ఆగిపోతుంది. ఆ ఆటంకం తప్పించుకోవడానికి ‘వితవుట్-ఐసీయూ’ ఇచ్చేయడం చూస్తుంటాం. ఐసీయూ కొలేషన్లు (అక్షరక్రమ నియమాలు) వాడుతున్న డేటాబేస్‌కు ఆ ప్యాకేజీ పనికిరాదు. హెడర్ ప్యాకేజీ తెచ్చుకోవడమే సరైన మార్గం.

క్వెరీలను నడిచేటప్పుడే కంపైల్ చేసే ఎల్‌ఎల్‌వీఎం చేర్చాలా వద్దా అనేది మీ ఇష్టం. చేరిస్తే క్లాంగ్ కూడా కావాలి, ప్యాకేజీ మీద ఒక పెద్ద ఆధారం (తప్పక ఉండాల్సిన మరో ప్యాకేజీ) వచ్చి పడుతుంది. చిన్నచిన్న క్వెరీలు నడిచే చోట దానివల్ల ఒరిగేది తక్కువ. చేర్చినా ఆ భాగాన్ని విడి ప్యాకేజీగా తీయండి.

బిల్డ్ తీరును మార్చేవి. ‘ఎనేబుల్-డీబగ్’ ఇవ్వండి. జీసీసీ కంపైలర్‌తో కడితే వేగం తగ్గదు. దీనివల్ల చేరే డీబగ్ సమాచారాన్ని ప్యాకేజీ పనిముట్లే విడి డీబగ్ ప్యాకేజీలోకి తీస్తాయి. ‘ఎనేబుల్-క్యాసర్ట్’ మాత్రం అభివృద్ధి పనికే. అసలు సర్వర్‌లో అది ఉంటే అంతా నెమ్మదిస్తుంది.

‘సీఫ్లాగ్స్’ దగ్గర మూడు ఉచ్చులున్నాయి. దీన్ని మీరు ఇస్తే ‘కాన్ఫిగర్’ తన సహజ ఫ్లాగులను పక్కన పెడుతుంది. అంటే అందులో ‘ఓ2’ రాయడం మరిచిపోతే ఆప్టిమైజేషనే లేని సర్వర్ తయారవుతుంది. ‘ఫాస్ట్-మ్యాథ్’ ఇస్తే ‘కాన్ఫిగర్’ ఒప్పుకోదు, అది మంచిదే. ఇక ‘మార్చ్’కు ‘నేటివ్’ ఇస్తే బిల్డ్ యంత్రపు ప్రాసెసర్‌కు మాత్రమే సరిపోయే బైనరీ వస్తుంది. పాత ప్రాసెసర్ ఉన్న సర్వర్ మీద అది చెల్లని సూచన అంటూ కుప్పకూలుతుంది. ప్యాకేజీలో దానికి చోటు లేదు.

‘కాన్ఫిగర్’ ఆగిపోతే తెర మీది చివరి వాక్యాన్ని నమ్ముకోకండి. ‘కాన్ఫిగ్.లాగ్’ ఫైలు తెరిచి, విఫలమైన పరీక్ష పేరు దగ్గర కంపైలర్ అసలేమందో చదవండి. లైబ్రరీ లేదన్న చోట నిజానికి లింకింగ్‌లో మరో లోపం ఉండవచ్చు.

ఇన్ని ఆప్షన్లనూ టెర్మినల్‌లో టైపు చేసి వదిలేయకుండా ఒక షెల్ స్క్రిప్టులో పెట్టండి. తర్వాత ప్యాకేజీ సూచనల ఫైలులోకి అలాగే దింపుకోవచ్చు.

## 5. కంపైల్

‘మేక్’కు ‘వరల్డ్-బిన్’ లక్ష్యం ఇవ్వండి. సర్వర్‌తో పాటు ‘కాంట్రిబ్’ విభాగంలోని ఎక్స్‌టెన్షన్లూ తయారవుతాయి. ఉత్త ‘మేక్’ ఇస్తే అవి రావు. ‘పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్’ లేదని ఎవరో ఫిర్యాదు చేసేదాకా ఆ లోటు తెలియదు. ‘వరల్డ్’ అని ఇస్తే డాక్యుమెంట్లు కూడా కడుతుంది. వాటికి డాక్‌బుక్ సరంజామా అంతా కావాలి.

‘జే’ ఆప్షన్‌కు ప్రాసెసర్ కోర్ల సంఖ్య ఇవ్వండి. ఎక్కడైనా లోపం వస్తే ‘జే’ లేకుండా మరోసారి నడపండి. సమాంతరంగా నడిచినప్పుడు అసలు లోపపు సందేశం మిగతా వాటి మధ్య ఎక్కడో పైన మునిగిపోతుంది.

## 6. పరీక్షలు

‘మేక్ చెక్’ తాత్కాలిక సర్వర్‌ను లేపి పరీక్షలు నడిపి మూసేస్తుంది. ప్యాకేజీ కోసం కడుతున్నారు కాబట్టి ‘చెక్-వరల్డ్’ నడపండి. రెప్లికేషన్, బ్యాకప్, రికవరీలను పరీక్షించే ట్యాప్ పరీక్షలు కావాలంటే ముందే ‘ఎనేబుల్-ట్యాప్-టెస్ట్స్’తో కాన్ఫిగర్ చేసి ఉండాలి, పెర్ల్‌లో ‘ఐపీసీ-రన్’ మాడ్యూల్ ఉండాలి. ఆ ఆప్షన్ లేకుండా నడిపితే అవి జరగవు, మొత్తం మాత్రం పచ్చగా కనిపిస్తుంది.

ఏదైనా తప్పితే ‘రిగ్రెషన్.డిఫ్స్’ ఫైలు చూడండి. తేడా వరుసల క్రమంలోనే ఉంటే లోకేల్ (భాష, ప్రాంతపు అమరిక) మీద అనుమానం పడండి. ‘మేక్ చెక్’కు ‘నో_లోకేల్’ విలువ 1 ఇచ్చి మళ్లీ నడపండి. అప్పుడు గట్టెక్కితే తప్పు బిల్డ్‌ది కాదు. విలువలే మారితే మాత్రం అక్కడే ఆగండి. ‘ఒక్కటే కదా తప్పింది’ అని డేటాబేస్ ప్యాకేజీని బయటకు పంపకూడదు.

## 7. ఉత్తుత్తి రూట్‌లోకి ఇన్‌స్టాల్

ప్యాకేజింగ్ అంతా ఆధారపడిన మెట్టు ఇది. ‘ప్రిఫిక్స్’ అంటే ప్రోగ్రాము చివరికి ఉండబోయే చోటు. ‘డెస్ట్‌డిర్’ అంటే ఇప్పుడు తాత్కాలికంగా ఫైళ్లను పరిచే చోటు. ‘మేక్’కు ‘ఇన్‌స్టాల్-వరల్డ్-బిన్’ లక్ష్యంతో పాటు ‘డెస్ట్‌డిర్’ ఇస్తే, ఆ తాత్కాలిక డైరెక్టరీ లోపల పూర్తి దారులతో ఫైళ్లు పడతాయి. అసలు సిస్టమ్‌లో ఒక్క ఫైలూ మారదు.

కొత్తవారు ఈ రెండింటినీ తారుమారు చేస్తారు. తాత్కాలిక డైరెక్టరీనే ‘ప్రిఫిక్స్’గా ఇస్తే ఆ దారి బైనరీలలో, ఆర్‌పాత్‌లో (లైబ్రరీలను వెతికే దారిలో), ‘పీజీ_కాన్ఫిగ్’ జవాబుల్లో అచ్చయిపోతుంది. ప్యాకేజీ చేశాక ఎక్స్‌టెన్షన్లు కట్టేవారికి లేని డైరెక్టరీ చూపిస్తుంది.

ఫైళ్లు పరిచాక ‘ఫైండ్’ ఆదేశంతో జాబితా తీసి కంటితో చూడండి. బయటి డైరెక్టరీలో ఏదైనా పడి ఉంటే ఇక్కడే దొరకాలి.

ఈ దశలో ఎవరో ఒకరు, ‘మేక్ ఇన్‌స్టాల్’ను గమనించి ప్యాకేజీ చేసే చెక్‌ఇన్‌స్టాల్ పేరు ఎత్తుతారు. ఒక యంత్రానికి, ఒక రోజుకు సరే. ఆధారాల లెక్క లేని, మళ్లీ అలాగే కట్టలేని ప్యాకేజీని పది సర్వర్లకు పంచడం సరికాదు.

## 8. డెబ్ ప్యాకేజీ

సోర్స్ లోపల ‘డెబియన్’ డైరెక్టరీ చేసి అందులో నాలుగు ఫైళ్లు పెట్టండి: ‘కంట్రోల్’, ‘ఛేంజ్‌లాగ్’, ‘కాపీరైట్’, ‘రూల్స్’. మొదటి మూడింటిలో పెద్ద కిటుకులేమీ లేవు. ‘కంట్రోల్’లో ఆధారాల దగ్గర ‘షేర్డ్ లైబ్రరీ’ చరరాశిని (shlibs:Depends) వాడండి. అసలు బైనరీలను చూసి పేర్లు, వెర్షన్లు అదే నింపుతుంది. చేత్తో రాస్తే ఏదో ఒకటి తప్పుతుంది.

‘రూల్స్’ దగ్గర శ్రద్ధ పెట్టాలి. అది స్వయంగా ఒక మేక్ ఫైలు. పోస్ట్‌గ్రెస్‌ను మరో మేక్ ఫైలు నుంచి పిలిచినప్పుడు ‘మేక్‌లెవెల్’ విలువను 0 చేయాలి. చేయకపోతే హెడర్ ఫైళ్లు లేవంటూ వింత లోపాలు వస్తాయి. టెర్మినల్‌లో చక్కగా కంపైల్ అయిన సోర్స్, ప్యాకేజీ బిల్డ్‌లో మొరాయిస్తుంటే ముందుగా చూడాల్సింది ఇదే.

రెండో సంగతి. కాన్ఫిగర్ మెట్టును డెబ్‌హెల్పర్‌కే వదిలేస్తే, మీ ప్రిఫిక్స్‌తో పాటు తన లైబ్రరీ దారినీ, ‘ఈటీసీ’ దారినీ కూడా ఇస్తుంది. ఫలితంగా లైబ్రరీలు ప్రాసెసర్ పేరున్న ఉపడైరెక్టరీలోకి వెళ్లిపోతాయి. ఆ మెట్టును మీరు రాసిన ‘కాన్ఫిగర్’ ఆదేశంతో మార్చేయండి. డెబియన్ ఇచ్చే భద్రతా ఫ్లాగులు మాత్రం పోకుండా చూసుకోండి.

ఇన్‌స్టాల్ మెట్టులో ‘డెస్ట్‌డిర్’గా ‘డెబియన్’ డైరెక్టరీ కింద మీ ప్యాకేజీ పేరున్న డైరెక్టరీని ఇవ్వండి. ఒకటికి మించి ప్యాకేజీలు విడదీస్తుంటే ‘డెబియన్’ కిందే ‘టీఎంపీ’ డైరెక్టరీలోకి పంపి, అక్కడి నుంచి జాబితాలతో పంచండి.

తర్వాత ‘డీపీకేజీ-బిల్డ్‌ప్యాకేజ్’ నడిపి, వచ్చిన ఫైలును లింటియన్‌కు చూపించండి. ‘ఆప్ట్’ డైరెక్టరీలో పెట్టారని అది గోల చేస్తుంది. సొంత వాడకానికి కట్టిన ప్యాకేజీలో ఆ గోలను పట్టించుకోనక్కర్లేదు. మిగతావి చదవండి.

వెర్షన్ అంకె విషయంలో ఒకటే మాట: ఆప్షన్ ఒక్కటి మారినా 17.5-1ను 17.5-2 చేయండి. ఒకే అంకెతో రెండు వేర్వేరు ప్యాకేజీలు తిరుగుతుంటే ఏ సర్వర్‌లో ఏది ఉందో ఎవరూ చెప్పలేరు.

## 9. ఆర్‌పీఎం ప్యాకేజీ

ఇక్కడ అన్నీ ఒకే స్పెక్ ఫైలులో ఉంటాయి: సిద్ధం చేయడం, కట్టడం, ఇన్‌స్టాల్, పరీక్ష, ఫైళ్ల జాబితా. ‘డెస్ట్‌డిర్’ స్థానంలో ‘బిల్డ్‌రూట్’ మాక్రో ఇవ్వండి. కాన్ఫిగర్ మాక్రో కూడా డెబ్‌హెల్పర్ లాగే తన దారులు తాను ఇస్తుంది కాబట్టి స్క్రిప్టును నేరుగా పిలవండి.

ఫైళ్ల జాబితాలో లేని ఫైలు బిల్డ్‌రూట్‌లో కనబడితే బిల్డ్ ఆగిపోతుంది. విసుగు పుట్టించినా ఈ పట్టుదల మంచిదే. ఆ తనిఖీని ఆపేసే మాక్రో జోలికి వెళ్లకండి.

అసలు ప్రమాదం వేరే ఉంది. ఆర్‌పీఎం మీ ప్యాకేజీలోని షేర్డ్ లైబ్రరీలను చూసి, ‘ఈ ప్యాకేజీ లిబ్‌పీక్యూ 5ను (పోస్ట్‌గ్రెస్ క్లయింట్ లైబ్రరీని) అందిస్తుంది’ అని తనంతట తాను రాసుకుంటుంది. అది ‘ఆప్ట్’ కింద దాక్కున్న సొంత ప్రతి అని దానికి పట్టదు. రేపు లిబ్‌పీక్యూ కావాల్సిన మరో ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేస్తే, డిస్ట్రో లైబ్రరీకి బదులు మీ ప్యాకేజీని చూసి ‘అవసరం తీరింది’ అనుకోవచ్చు. నడిపితే లైబ్రరీ దొరకదు. మీ ఇన్‌స్టాల్ దారిలోని లైబ్రరీలను ‘అందించేవి’ జాబితా నుంచి, లిబ్‌పీక్యూను ‘కావాల్సినవి’ జాబితా నుంచి తప్పించే మాక్రోలను స్పెక్ పైభాగంలోనే పెట్టండి.

‘మాక్’ పనిముట్టుతో కడితే ప్రతిసారీ ఖాళీ వాతావరణంలో బిల్డ్ జరుగుతుంది. స్పెక్‌లో రాయడం మరిచిన ఆధారాలు అందులోనే బయటపడతాయి.

## 10. యూజర్, సర్వీసు, స్క్రిప్టులు

సర్వర్ యూజర్‌ను సిస్టమ్ యూజర్‌గానే సృష్టించండి. మామూలు యూజర్‌గా చేస్తే, ఆ యూజర్ లాగౌట్ అయినప్పుడు సిస్టమ్‌డీ అతని షేర్డ్ మెమరీ వస్తువులను తుడిచేయవచ్చు. నడుస్తున్న సర్వర్ కింద నుంచి నేల లాగేసినట్టవుతుంది. సిస్టమ్ యూజర్లకు ఈ తుడుపు వర్తించదు.

సర్వీసు ఫైలులో చూసుకోవాల్సినవి:

- ‘టైప్’ విలువ ‘నోటిఫై’ (‘విత్-సిస్టమ్‌డీ’తో కట్టి ఉంటేనే పనిచేస్తుంది)
- ‘కిల్‌మోడ్’ విలువ ‘మిక్స్‌డ్’, ‘కిల్‌సిగ్నల్’ విలువ ‘సిగ్‌ఇంట్’: ఆపినప్పుడు వేగంగా, పద్ధతిగా మూసుకుంటుంది
- మొదలయ్యే గడువు తీసేయాలి. క్రాష్ తర్వాత రికవరీకి ఎంతసేపైనా పట్టవచ్చు, మధ్యలో సిస్టమ్‌డీ చంపేయకూడదు
- సర్వీసు పేరులో మేజర్ వెర్షన్ ఉండాలి

ఇన్‌స్టాల్ స్క్రిప్టు యూజర్‌ను సృష్టించాలి, అంతే. డేటా డైరెక్టరీని సృష్టించే ‘ఇనిట్‌డీబీ’ని అందులో నడపకండి. లోకేల్, ఎన్‌కోడింగ్, చెక్‌సమ్‌లు నడిపేవారు నిర్ణయించాల్సినవి. తొలగింపు స్క్రిప్టు డేటా డైరెక్టరీని చూడనైనా చూడకూడదు, పూర్తి తొలగింపు అడిగినా సరే.

అప్‌గ్రేడ్‌లో సర్వీసును తనంతట తాను ఆపి లేపే అలవాటు ప్యాకేజీ పనిముట్లకు ఉంటుంది. దాన్ని ఆపేయండి, రీస్టార్ట్ వేళ మీ చేతిలో ఉండాలి. అలాగని రోజుల తరబడి వాయిదా వేయవద్దు. నడుస్తున్న సర్వర్ ప్రోగ్రాము పాతదే మెమరీలో ఉంటుంది. కొత్త కనెక్షన్లు తెరిచే ఎక్స్‌టెన్షన్ లైబ్రరీలు మాత్రం డిస్క్ మీది కొత్తవి. ఈ కలగాపులగం ఎంత తక్కువసేపు ఉంటే అంత మేలు.

## 11. ఖాళీ యంత్రంలో పరీక్ష

బిల్డ్ యంత్రంలో ఇన్‌స్టాల్ చేసి ‘పనిచేసింది’ అనుకోవద్దు. డెవలప్‌మెంట్ ప్యాకేజీలన్నీ అక్కడ ఉన్నాయి, ఏ లోటూ తెలియదు. కొత్త కంటెయినర్‌లో ఈ వరుసలో చూడండి:

- ప్యాకేజీ మేనేజర్ ఆధారాలను తనే తెచ్చుకుందా?
- ‘పీజీ_కాన్ఫిగ్’కు ‘కాన్ఫిగర్’ ఆప్షన్ ఇస్తే మీ స్క్రిప్టులోని ఆప్షన్లే వచ్చాయా?
- పీఎస్‌క్యూఎల్ (టెర్మినల్ క్లయింట్) మీద, ప్రోగ్రాము వాడే లైబ్రరీలను చూపే ‘ఎల్‌డీడీ’ నడిపితే లిబ్‌పీక్యూ మీ దారి నుంచే వస్తోందా?
- సర్వర్ యూజర్‌తో ‘ఇనిట్‌డీబీ’ నడిచిందా? చెక్‌సమ్‌లు 18 నుంచి సహజంగానే ఉంటాయి, 17 వరకు ‘డేటా-చెక్‌సమ్స్’ ఆప్షన్ ఇవ్వాలి
- ‘పీజీ_కంట్రోల్‌డేటా’లో బ్లాక్ పరిమాణం, చెక్‌సమ్ వెర్షన్ అనుకున్నవేనా?
- ఎక్స్‌టెన్షన్ ఒకటి సృష్టించి, ఒక టేబుల్‌లో వరుసలు చేర్చి, ప్యాకేజీని తీసేయండి. డేటా డైరెక్టరీ చెక్కుచెదరకుండా ఉందా? మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఆ వరుసలు కనిపించాయా?

చివరి పరీక్ష గట్టెక్కని ప్యాకేజీని ఏ సర్వర్ మీదా పెట్టకండి.

## 12. తరచూ ఎదురయ్యే లోపాలు

సర్వర్ నడుస్తోంది, పీఎస్‌క్యూఎల్ మాత్రం సాకెట్ ఫైలు లేదంటోంది. సోర్స్ నుంచి కట్టిన సర్వర్ సాకెట్‌ను సహజంగా ‘టీఎంపీ’ డైరెక్టరీలో పెడుతుంది. డెబియన్, ఫెడోరా తమ ప్యాకేజీల్లో దాన్ని ‘వార్’ కింద ‘రన్’లోని పోస్ట్‌గ్రెస్ డైరెక్టరీకి మార్చాయి. మీరు నడిపింది డిస్ట్రో పీఎస్‌క్యూఎల్ అయి ఉంటుంది. సర్వర్ సెట్టింగుల్లో ‘యూనిక్స్_సాకెట్_డైరెక్టరీస్’కు రెండు దారులూ ఇస్తే ఏ క్లయింటైనా కలుస్తుంది. రెండో డైరెక్టరీని సర్వీసు ఫైలు సృష్టించేలా చూడండి.

నిర్వచనం లేని సింబల్ అంటూ పీఎస్‌క్యూఎల్ ఆగిపోతోంది. కొత్త పీఎస్‌క్యూఎల్‌కు పాత లిబ్‌పీక్యూ దొరికింది. ‘ఎల్‌డీ_లైబ్రరీ_పాత్’ ఎక్కడైనా పెట్టి ఉన్నారేమో చూడండి. ఆర్‌పాత్ సరిగా ఉంటే దాని అవసరమే ఉండదు. మీ డైరెక్టరీని సిస్టమ్ మొత్తానికి లైబ్రరీ దారిగా చేర్చడం పరిష్కారం కాదు, అప్పుడు డిస్ట్రో ప్రోగ్రాములు మీ లిబ్‌పీక్యూను పట్టుకుంటాయి.

డేటా డైరెక్టరీ అనుమతులు సరిగా లేవంటోంది. 0700 లేదా 0750 మాత్రమే చెల్లుతాయి. యజమాని సర్వర్ యూజర్ అయి ఉండాలి.

ఎక్స్‌టెన్షన్ కట్టితే డిస్ట్రో వెర్షన్‌కు చేరుతోంది. ‘పాత్’లో ముందుగా డిస్ట్రో ‘పీజీ_కాన్ఫిగ్’ ఉంది. ‘మేక్’కు మీ ‘పీజీ_కాన్ఫిగ్’ పూర్తి దారి ఇవ్వండి.

## 13. మైనర్, మేజర్ వెర్షన్లు మారినప్పుడు

మైనర్ వెర్షన్ అయితే: కొత్త టార్ ఫైలు, కొత్త చెక్‌సమ్, ‘ఛేంజ్‌లాగ్’లో ఒక పద్దు, బిల్డ్, ‘చెక్-వరల్డ్’, ఖాళీ యంత్రం, ఆ తర్వాత అసలు సర్వర్లు. విడుదల గమనికలు తప్పక చదవండి. ఫలానా రకం ఇండెక్సులను మళ్లీ కట్టుకోమని అప్పుడప్పుడు అందులో ఉంటుంది.

మేజర్ వెర్షన్‌కు కొత్త పేరుతో కొత్త ప్యాకేజీ కట్టి, పాతదాని పక్కనే ఇన్‌స్టాల్ చేయండి. కొత్త డేటా డైరెక్టరీని పాతదానికి సరిపోయే చెక్‌సమ్ అమరికతో సృష్టించండి. 17 నుంచి 18కి వెళ్లేవారు ఇక్కడ తడబడతారు, రెండింటి సహజ విలువలు వేరు. బ్లాక్ పరిమాణం కూడా కలవాలి. ముందు ‘పీజీ_అప్‌గ్రేడ్’ను ‘చెక్’ ఆప్షన్‌తో నడపండి, అది ఏదీ మార్చదు. ‘లింక్’ ఆప్షన్ వేగవంతమైనదే. కానీ కొత్త సర్వర్‌ను ఒక్కసారి లేపాక పాత డేటా డైరెక్టరీకి వెనక్కి వెళ్లలేరు. బ్యాకప్ పనిచేస్తుందని పునరుద్ధరించి చూసుకున్నాకే ఆ ఆప్షన్ వాడండి. పాత ప్యాకేజీని కనీసం తర్వాతి పూర్తి బ్యాకప్ అయ్యేదాకా తీసేయకండి.